సూదిపోటంత గాయం.. వేలికే ఎసరు!

* గ్రీజు గన్‌, డీజిల్‌ నాజిల్‌తో పొంచి ఉన్న ముప్పు
* తొలి ఆరు గంటలే కీలకం

విజయవాడ ఆటోనగర్‌: లారీలకు గ్రీజు కొట్టడం, డీజిల్‌ నాజిళ్లు పరీక్షించడం, ట్రాక్టరు హైడ్రాలిక్‌ గొట్టాలు బిగించడం ఇక్కడి షెడ్లలో నిత్యం జరిగే పనులే. చేతికి అంటిన నూనె సబ్బుతో పోతుంది. అదే నూనె ఒత్తిడితో చర్మంలోకి దూరితే శస్త్రచికిత్స తప్ప మార్గం లేదు.

కారు టైరులో గాలి సుమారు 30 పాయింట్లు, అంటే చదరపు అంగుళానికి 30 పౌండ్లు. చర్మాన్ని ఛేదించడానికి 100 పౌండ్లు చాలు. ట్రాక్టరు హైడ్రాలిక్‌ గొట్టంలో ఇది 2,000 నుంచి 3,000 వరకు ఉంటుంది. కామన్‌ రైల్‌ ఇంజన్లలో 20,000 పౌండ్లు దాటుతుంది. చేతి తొడుగులు ఈ ధారను ఆపలేవు.

కుడిచేత్తో గన్‌ పట్టుకొని ఎడమచేతి వేలితో మూతి తుడవడం చాలామందికి అలవాటు. అందుకే ఎక్కువగా గాయపడేది ఎడమ చూపుడు వేలే. నాజిల్‌ చిమ్మే తీరు చూసేందుకు అరచేయి అడ్డం పెట్టడం మరీ ప్రమాదకరం. వైద్య పత్రికల్లో ఇలాంటి గాయం 1937లోనే నమోదైంది. అదీ డీజిల్‌తోనే.

నొప్పి లేకపోవడమే మోసం

పైకి కనిపించేది సూదిమొనంత రంధ్రమే. తొలి గంటల్లో నొప్పి అంతగా ఉండదు. లోపల మాత్రం ద్రవం టెండన్ల వెంట అరచేతి వరకు పాకుతుంది. వాపుతో రక్తప్రసరణ ఆగి కణజాలం కుళ్లుతుంది. రంగులు, థిన్నర్‌ అయితే వేలు తొలగించాల్సిన అవకాశం మరింత ఎక్కువ. టీటీ సూది వేయించుకొని, కట్టు కట్టించుకొని మళ్లీ పనిలోకి దిగేవారు మర్నాటికి చెయ్యి వాచి ఆసుపత్రికి వస్తారు. టీటీ అవసరమే గానీ అది లోపలి నూనెను బయటకు తేలేదు. ఆరు గంటల్లోగా గాయాన్ని తెరిచి శుభ్రం చేస్తే వేలు దక్కే అవకాశాలు మెరుగు.

లీకు చూడాలంటే..

చేతితో తడమరాదు. కళ్లద్దాలు పెట్టుకొని అట్టముక్కనో చెక్కనో గొట్టం వెంట జరపాలి. ట్రాక్టరు ఇంజన్‌ ఆపి, పనిముట్టును నేలకు దించి, లీవర్లను అటూ ఇటూ కదిపి ఒత్తిడి పోయాకే నట్టు విప్పాలి. రంగుల స్ప్రే యంత్రమైతే ఆపిన తర్వాత ట్రిగ్గరు నొక్కి మిగిలిన ఒత్తిడిని బకెట్లోకి వదలాలి.

మిస్సయ్యే సిలిండరును కనిపెట్టేందుకు ఇంజన్‌ నడుస్తుండగానే పైపు నట్టు వదులు చేయడం పాతతరం మేస్త్రీల పద్ధతి. కామన్‌ రైల్‌ బండి వద్ద అది ప్రాణాల మీదకు తెస్తుంది. ఇంజన్‌ ఆపినా లోపలి ఒత్తిడి వెంటనే పోదు. కంపెనీ పుస్తకంలో చెప్పినంతసేపు ఆగాలి.

గాయమైతే పిండరాదు. ఉంగరం తీసి, చెయ్యి పైకెత్తి ఉంచి, ఏమీ తినకుండా శస్త్రచికిత్స సదుపాయమున్న ఆసుపత్రికి వెళ్లాలి. ‘గుచ్చుకుంది’ అని కాక, ఒత్తిడితో నూనె లోపలికి పోయిందని వైద్యునికి చెప్పాలి. ఆ నూనె లేదా రంగు డబ్బాపై ఉన్న చీటీని వెంట తీసుకెళ్లాలి.