మార్కులును, జీవనమార్గమును

పరీక్షాఫలితములు వెలువడిన దినమున మన యిండ్లలో రెండు ప్రశ్నలు వినబడును. ఎన్ని మార్కులు వచ్చినవి? ఇక ఏ ఉద్యోగము దొరకును? మొదటిదానికి వచ్చిన సమాధానమే రెండవదానికిని సమాధానమని విద్యార్థులు పలువురు తలంతురు. ఈ తలపు ఎట్లు పుట్టుచున్నదో విచారింతము.

విజయవాడలో 1937లో ఎస్.ఆర్.ఆర్. కళాశాలయు, 1977లో సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాలయు వెలసినవి. ఒక తరమువారికి చదువనగా సర్కారు కొలువు. తరువాతి తరమువారికి ఇంజనీరింగు, అటుపై విదేశయానము. గమ్యము మారినను, మార్కులే కొలబద్ద యను నమ్మకము మారలేదు.

ఆల్బర్టు బండూరా అను మనస్తత్వశాస్త్రవేత్త 1977లోనే ఒక సిద్ధాంతమును ప్రతిపాదించెను. ‘ఈ పని నేను చేయగలను’ అను విశ్వాసము నాలుగు మూలములనుండి కలుగును: తాను పూర్తిచేసిన పనులు, తనవంటివారి విజయములు, నమ్మదగినవారి ప్రోత్సాహము, శరీరమనస్సుల స్థితి. వీనిలో మొదటిది బలవత్తరము. విశ్వాసము సన్నగిల్లినచో ప్రయత్నము తగ్గును. దానితో ఫలితమును తగ్గును. అప్పుడు విద్యార్థి తన భయమే నిజమైనదనుకొనును.

రెండవ మూలము అందరికిని సమముగా అందదు. కాలువ నీరు శివారు భూములకు ఆలస్యముగా చేరును గదా! అట్లే, ఒక వృత్తిలో స్థిరపడి దారి చూపగల పెద్దలు నగరపు విద్యార్థికి ఇంటిప్రక్కనే కనిపింతురు. నాగాయలంక విద్యార్థి వారిని వెదకికొనవలసియుండును. తెలివి సమానమైనను ఆశలో తేడా కలుగుటకు ఇది యొక కారణము.

నందమూరి తారక రామారావుగారు విజయవాడలో చదువుచున్నప్పుడు కుటుంబమునకు తోడ్పడుటకై సైకిలుపై పాలు పోసిరి. కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణగారి ప్రోత్సాహమున నాటకమున స్త్రీపాత్ర ధరించిరి. గుంటూరులో పట్టము పొంది, 1947లో సబ్ రిజిస్ట్రారు ఉద్యోగమున చేరి, కొలది వారములలోనే విడిచిరి. 1949లో ‘మనదేశం’ చిత్రమున తెరపై కనిపించిరి. ఉద్యోగము వదలుమని మేము చెప్పుట లేదు. అందరును నటులు కాజాలరు. పరీక్ష ఒక ద్వారము తెరచినది. రంగస్థలముపై చేసిన పని, గురువు మాట మరియొక ద్వారమును చూపినవి. మేము గమనింపుమనునది ఇంతమాత్రమే.

కావున తల్లిదండ్రులు మూడవ ప్రశ్నయు అడుగవలెను: ఈ యేడు నీ చేతులమీదుగా ఏ పని పూర్తియైనది? తమ్మునికి లెక్కలు నేర్పుటయైనను, సంఘము జమాఖర్చు వ్రాయుటయైనను చాలును. పిదప, ఆ పనినే వృత్తిగా చేసికొన్న మన యూరివారిని వెదకి, పిల్లవానినో, పిల్లనో ఒకపూట వారివద్దకు పంపవలెను. మార్కులు తగ్గిన యింట ఈ పని మరింత త్వరగా జరుగుట మంచిది.