మూడో తరగతిలోనే తేలిపోయే పోటీ

ప్రపంచంతో పోటీ పడే చదువు అనగానే మన చూపు పై తరగతుల మీదికి పోతుంది. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, ఒలింపియాడ్ పుస్తకాలు, కోడింగ్ క్లాసులు మొదలవుతాయి. ప్రభుత్వాల ఆలోచనా అటే సాగుతోంది. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లలకు టోఫెల్ శిక్షణ కోసం ఒప్పందం కుదుర్చుకుంది, మరుసటి ఏడాది ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) విధానం వైపు అడుగు వేసింది. ప్రమాణాలు పెంచడమంటే సిలబస్ బరువు పెంచడమేనన్న నమ్మకం వీటన్నిటి వెనకా ఉంది. మన పిల్లలు వెనకబడటం మొదలయ్యేది మాత్రం బడిలో చేరిన తొలి మూడేళ్లలో. పెంచవలసిన ప్రమాణాలూ అక్కడివే.

దీనికి గట్టి ఆధారం మన గడ్డ మీదే దొరుకుతుంది. ఇథియోపియా, పెరూ, వియత్నాం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లలో సుమారు 12 వేల మంది పిల్లలు ఎలా ఎదుగుతున్నారో ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 'యంగ్ లైవ్స్'. ఆ సమాచారాన్ని ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ విశ్లేషించారు. ఐదేళ్ల వయసులో మన పిల్లలకూ వియత్నాం పిల్లలకూ తేడా కొద్దిగానే ఉంది. ఎనిమిదేళ్లు వచ్చేసరికి అది బాగా పెరిగిపోయింది. ఇంటి పరిస్థితులను లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా మాసిపోలేదు. బడిలో గడిచిన ఒక్కో ఏడాది అక్కడి పిల్లలకు మన బడి కంటే ఎక్కువ నేర్పింది. పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే అంతర్జాతీయ పరీక్ష పీసాలో 2012లో వియత్నాం గణితంలో 511 మార్కులు తెచ్చుకుని, 481 దగ్గర ఆగిన అమెరికాను దాటినప్పుడు కొందరు ఒక అభ్యంతరం లేవనెత్తారు. పదిహేనేళ్లకు బడి మానేసినవాళ్లు ఆ పరీక్షలో లేరు కదా అన్నారు. న్యాయమైన ప్రశ్నే. యంగ్ లైవ్స్ మాత్రం బడి మానేసిన పిల్లల్నీ వదలకుండా పరీక్షించింది, కాబట్టి ఆ అభ్యంతరం దీనికి తగలదు.

ఆ తొలి ఏళ్లలో జరిగేదేమిటో దగ్గరగా చూడాలి. 52లోంచి 17 తీసేయమంటే ఒక పాప 45 అని రాస్తుంది. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేసింది. అది పరాకు కాదు. పక్క స్థానం నుంచి ఒక పదిని అప్పు తెచ్చుకోవడమంటే ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. సిలబస్ అయిపోవాలి కాబట్టి టీచర్ ఇంటూ పెట్టి ముందుకు వెళ్తారు. అదే లోటు నాలుగో తరగతిలో భాగాహారాన్ని, ఆ తర్వాత భిన్నాలను, బీజగణితాన్ని అడ్డుకుంటుంది. చదవడమూ అంతే. ఒత్తుల దగ్గర ఆగిపోయిన పిల్లవాడు సైన్స్ పాఠంలో 'కిరణజన్య సంయోగక్రియ'ను కూడబలుక్కుని పూర్తిచేసేసరికి వాక్యం ఎక్కడ మొదలైందో మరిచిపోతాడు. 2024 అసర్ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 48.8 శాతం. భాగాహారం చేయగలిగినవారు 30.7 శాతమే. వీళ్ల ముందు ఏ అంతర్జాతీయ సిలబస్ పెట్టినా అది చదవలేని మరో పుస్తకమే అవుతుంది.

సత్య నాదెళ్లలాంటివారిని ఇచ్చిన నేలకు ఈ దిగులెందుకని అడగవచ్చు. మేటి విద్యార్థులను తయారుచేయడంలో మనకు లోటు లేదు, అది నిజంగా గర్వించదగ్గదే. అయితే ప్రపంచ వాణిజ్యం వాళ్లతోనే నడవదు. శామ్‌సంగ్ వియత్నాంలోని బాక్ నిన్‌లో ఫోన్ల ఫ్యాక్టరీ పెట్టినా, ఫాక్స్‌కాన్ మన శ్రీసిటీలో ఫోన్లు బిగించినా, లైను మీద నిలబడేది మామూలు బడుల్లో చదివినవాళ్లే. యంత్రం మారినప్పుడు కొత్త సూచనలు చదువుకుని, కొలత సరిచూసుకుని పని మార్చుకోగలగాలి. పెట్టుబడులకు చదువొక్కటే కారణమని అనను. చదవడం రాని కార్మికుడు మాత్రం తొలి ఉద్యోగం దగ్గరే ఆగిపోతాడు.

వెనకబడినవాళ్ల కోసం ఆగితే చురుకైనవాళ్లు నష్టపోతారన్నది ఇంకో భయం. రోజూ ఒక గంట పాటు తరగతితో నిమిత్తం లేకుండా, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో చూసి జట్లు కట్టి నేర్పే 'ప్రథమ్' సంస్థ పద్ధతిలో ఎవరూ ఎవరికోసమూ ఆగనక్కర్లేదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరులు హర్యానా, ఉత్తరప్రదేశ్ బడుల్లో దీన్ని పరీక్షించి, చదవడం మెరుగుపడిందని చూపారు. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, లెక్క రావాలని 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ కూడా ఈ దారిలోనిదే. రెండో తరగతి పాఠం చదవగల మూడో తరగతి పిల్లలు ప్రభుత్వ బడుల్లో 2022లో 16.3 శాతం ఉంటే 2024కు 23.4 శాతమయ్యారు. ఇంకా చాలా తక్కువే, కానీ కదలిక కనిపిస్తోంది.

నాకు అన్నిటికన్నా బరువుగా తోచే అభ్యంతరం టీచర్లది. ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులనూ, మధ్యాహ్న భోజనాన్నీ, యాప్‌లో ఫొటోలనూ చూసుకునే బడిలో జట్లు కట్టేదెవరు? దీనికి శిక్షణా తరగతులు జవాబు కావు, రెండో మనిషి కావాలి. టోఫెల్‌కూ ఐబీకీ డబ్బు వెతకగలిగిన ప్రభుత్వాలు ముందుగా ఒకటి, రెండు తరగతుల కోసం ప్రతి ఏకోపాధ్యాయ బడికీ మరో టీచర్‌ను ఇవ్వాలి. ఏడాది మధ్యలో వాళ్లను ఇతర విధులకు పంపకుండా ఉండాలి.