పదవ తరగతి నుంచి విశ్వవిద్యాలయం దాకా

సెలవుల్లో నేను హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా చెల్లెళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: "డిగ్రీ అయ్యాక యూనివర్సిటీకి ఎలా పోవాలక్కా?" ఆ ప్రశ్న అంతకంటే చాలా ముందే అడగాలి. పదవ తరగతి ఫలితాలు వచ్చిన తర్వాత ఇంటర్ దరఖాస్తులో ఏ గ్రూపు రాస్తామో, ఆ ఒక్క మాటతోనే యూనివర్సిటీ తలుపులు కొన్ని తెరుచుకుంటాయి, కొన్ని మూసుకుపోతాయి.

చదువుకున్నవాళ్లు ఉన్న ఇంట్లో ఈ సంగతి అన్నం తింటూ మాట్లాడుకుంటుంటేనే పిల్లలకు తెలిసిపోతుంది. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేనే. కూలికి పోయే అమ్మానాన్న నాకు ధైర్యం ఇచ్చారు. గ్రూపుల గురించి చెప్పమంటే వాళ్లెక్కడ చెప్పగలరు? మనలో చాలామందిది ఇదే పరిస్థితి. అందుకే పక్క మంచం అమ్మాయి ఎంపీసీ అంటే మనమూ ఎంపీసీ అంటాం. ఆమెకు లెక్కలు వచ్చు, మనకు రావు, అది తర్వాత తెలుస్తుంది.

ఎంపీసీ చదివినవారు ఇంజనీరింగ్‌కు, బీఎస్సీకి వెళ్లవచ్చు. మనసు మారితే బీఏ, బీకాం కూడా చేరవచ్చు. హెచ్‌ఈసీ, సీఈసీ చదివినవారు మాత్రం తర్వాత బీఎస్సీ ఫిజిక్స్ అన్నా, నర్సింగ్ కోర్సు కోసం సైన్సుకు మారాలన్నా కష్టం. బైపీసీ అంటే డాక్టరు సీటు ఒక్కటే అని మనవాళ్ల నమ్మకం. నీట్‌లో ర్యాంకు రాకపోతే బతుకే పోయినట్లు ఏడుస్తారు. అదే బైపీసీతో బీఎస్సీ అగ్రికల్చర్, హార్టికల్చర్, వెటర్నరీ, ఫార్మసీ, నర్సింగ్ ఉన్నాయి. వ్యవసాయ కోర్సులకు మన రాష్ట్రంలో ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయమే ఉంది. పొలం పని తెలిసిన పిల్లలకు ఆ చదువు కొత్తగా అనిపించదు.

ఆర్ట్స్ గ్రూపులను చిన్నచూపు చూడటం నాకు అసలు నచ్చదు. నేను సీఈసీ చదివి, బీఏ చేసి, ఇప్పుడు ఎం.ఏ. అర్థశాస్త్రంలో ఉన్నాను. హెచ్‌ఈసీ, సీఈసీ వాళ్లు లాసెట్ రాసి అయిదేళ్ల లా చదవవచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత నేరుగా అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. కోర్సులు ఉన్నాయి. చరిత్ర, రాజనీతి శాస్త్రం, సామాజిక శాస్త్రం వంటివి అక్కడ చదవవచ్చు. ఈ సంగతి ఇంటర్ రెండో సంవత్సరంలో మా క్లాసులో ఒక్కరికీ తెలియదు.

ఇంటర్ కాకుండా పది తర్వాతనే వెళ్లే దారులు రెండున్నాయి. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేస్తే, ఆ తర్వాత ఈసెట్‌తో ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. రెండోది బాసరలోని ఆర్జీయూకేటీ, 2008లో మొదలైంది. పదవ తరగతి ఫలితాలను బట్టి తీసుకుంటారు, ఆరేళ్లు అక్కడే ఉండి బీటెక్ పూర్తి చేయవచ్చు. మనం హాస్టల్‌లో ఉన్నా చదివేది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో కాబట్టి, ప్రభుత్వ బడి పిల్లలకు ఇచ్చే అదనపు పాయింట్లు మనకూ వర్తిస్తాయి. ఆడపిల్లను దూరం పంపడానికి భయపడే తల్లిదండ్రులకు, అది మొత్తం క్యాంపస్‌లోనే వసతితో కూడిన చదువు అని చెప్పి చూడండి.

ఇక కాగితాల సంగతి. చాలా సీట్లు మార్కుల దగ్గర కాకుండా ఇక్కడ పోతాయి కనుక దీన్ని శ్రద్ధగా చదవండి.

పదవ తరగతిలో హెడ్మాస్టర్ గారు నామినల్ రోల్ తయారు చేస్తారు. అందులో మీ పేరు, ఇంటిపేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ ఎలా ఉంటే మెమోలో అలాగే వస్తాయి. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, మెమోలో ఇంకో స్పెల్లింగ్ ఉంటే స్కాలర్‌షిప్ దగ్గర మొదలై ఉద్యోగం దాకా ఇబ్బందే. ఆధార్ పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం చూసుకోండి. సిగ్గుపడి ఊరుకోవద్దు.

ఆరవ తరగతి నుంచి ఇంటర్ వరకు ఎక్కడ చదివారో చూపే స్టడీ సర్టిఫికెట్లు కౌన్సెలింగ్‌లో అడుగుతారు. వాటిని బట్టే లోకల్, నాన్‌లోకల్ నిర్ణయిస్తారు. హాస్టల్ పిల్లలం రెండు మూడు బడులు మారతాం. కౌన్సెలింగ్ నడిచే రోజుల్లో పాత ఊరికి పోయి, సెలవులో ఉన్న సార్‌ను వెతకడం ఎంత కష్టమో మా సీనియర్ ఒకామెను అడగాలి. బడి మారిన రోజే సర్టిఫికెట్ తీసుకుని ట్రంకు పెట్టెలో దాచుకుంటే సరిపోతుంది. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దార్ కార్యాలయం నుంచి వస్తాయి. ఎస్సీ వర్గీకరణ 2025లో అమల్లోకి వచ్చింది, కాబట్టి ఎస్సీ చెల్లెళ్లు తాము ఏ గ్రూపు కిందికి వస్తారో తెలుసుకుని ఉండాలి. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు పనిచేస్తోందా చూసుకోండి. డిగ్రీ ప్రవేశాలకు 2016 నుంచి నడుస్తున్న దోస్త్‌లో రిజిస్ట్రేషన్‌కు ఓటీపీ దానికే వస్తుంది. నాన్న సిమ్ మార్చేసి ఉంటే ఆ రోజు పని ఆగినట్లే.

దోస్త్ ఒక్క దరఖాస్తుతో ఉస్మానియా, కాకతీయ వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల కాలేజీలన్నీ పెట్టుకోవచ్చు. కోఠి మహిళా కళాశాల ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం అయింది, అదీ అందులో ఉంటుంది. ఆప్షన్లు ఎక్కువ పెట్టండి. సీటు వచ్చాక గడువులోగా ఆన్‌లైన్‌లో రిపోర్ట్ చేయకపోతే అది పోతుంది.

సెంట్రల్ యూనివర్సిటీలకు డిగ్రీ స్థాయిలో 2022 నుంచి సీయూఈటీ పరీక్ష ఉంది. దీన్ని తెలుగులో కూడా రాయవచ్చు. చిక్కు ఏమిటంటే దరఖాస్తుల గడువు ఇంటర్ పరీక్షలకు ముందో, వాటి మధ్యలోనో ముగిసిపోతుంది. ఫలితాలు వచ్చాక చూద్దాంలే అనుకునేవారికి అది దొరకదు. రెండో సంవత్సరం జనవరి వచ్చిందంటే వారానికి ఒకసారి నోటిఫికేషన్ వచ్చిందా అని లెక్చరర్లను అడుగుతూ ఉండండి. కేంద్ర సంస్థల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి. రాష్ట్ర ప్రవేశాల్లో ప్రతి కేటగిరీలో మూడో వంతు ఆడపిల్లలకు ఉంటుంది. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా లేదు.

డబ్బు విషయంలో ఒక జాగ్రత్త. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అని ఏ ప్రైవేటు కాలేజీ ఏజెంటు వచ్చినా సంతకం పెట్టవద్దు. ఆ డబ్బు ప్రభుత్వం నుంచి ఆలస్యంగా వస్తుంది. బకాయిల కోసం 2025లో ప్రైవేటు కాలేజీలు మూసివేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. నాతో చదివిన ఒక స్నేహితురాలు డిగ్రీ పాసైనా, రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీవారు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వలేదు. ఆ ఏడాది ఆమె పీజీలో చేరలేకపోయింది. ఇంట్లో పెళ్లి సంబంధం చూశారు. అందువల్ల ప్రభుత్వ కాలేజీ, యూనివర్సిటీ కాలేజీ ఆప్షన్లు ముందు పెట్టి, ప్రైవేటువి చివర పెట్టండి. ఈపాస్ స్కాలర్‌షిప్ ప్రతి సంవత్సరం రెన్యువల్ చేసుకోవాలి, బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిపి ఉండాలి.

పాత అక్కలకు ఒక మాట. దరఖాస్తు ఫీజుకు అయిదారు వందలు, ఇంటర్నెట్ సెంటర్‌లో ఒక గంట, ఇవి లేక ఆగిపోయినవారు మన బ్యాచుల్లోనే ఉన్నారు. ఫలితాలు వచ్చిన వారంలో ఒక ఆదివారం హాస్టల్‌కు వచ్చి, ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని పదిమందికి ఫారాలు నింపి పోతే చాలు.

కాలేజీలో సీటు వచ్చాక పోస్ట్ మెట్రిక్ హాస్టల్ దానంతట అది రాదు, దానికి వేరే దరఖాస్తు. అడ్మిషన్ కాగితం చేతికి అందిన రోజే జిరాక్సులు తీసుకుని హాస్టల్ వార్డెన్ మేడం దగ్గరికి వెళ్లండి. ఆలస్యమైతే ఖాళీలు ఉండవు, ఊరి నుంచి రోజూ బస్సులో తిరగాల్సి వస్తుంది.