పామాయిల్ నుంచి హజ్ కోటా దాకా: ఇండోనేషియా బలం ఎక్కడుంది?

2022లో ఈద్‌కు ఐదు రోజుల ముందు, ఏప్రిల్ 28న, ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. తమ దేశంలో వంటనూనె ధర అదుపు తప్పిందన్నది వాళ్లు చెప్పిన కారణం. ప్రపంచంలో పామాయిల్ అందరికంటే ఎక్కువ కొనేది భారత్, ఎక్కువ తయారు చేసేది ఇండోనేషియా. అందుకే జకార్తాలో తీసుకున్న నిర్ణయం మన వంటింటి లెక్క అయ్యింది. మే 23న నిషేధం ఎత్తేశారు.

ఇండోనేషియా అనగానే ముస్లింల సంఖ్యే గుర్తొస్తుంది. సుమారు 28 కోట్ల జనాభాలో 24 కోట్ల మంది దాకా ముస్లింలే. అయినా అది ఇస్లామిక్ రాజ్యం కాదు, రాజ్యాంగం అలా ప్రకటించలేదు. ఆ దేశం బరువు తెలియాలంటే జనాభా లెక్క ఒక్కటే చాలదు, మ్యాప్ కూడా చూడాలి.

17 వేలకు పైగా దీవులు. ఈ కొస నుంచి ఆ కొసకు 5 వేల కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్ నుంచి జిద్దాకు 4 వేల చిల్లర, అంతే. ఇన్ని దీవులున్నా జనంలో సగానికి పైగా ఒక్క జావా దీవిలోనే ఉంటారు.

అసలు కథ దీవుల మధ్య ఉన్న నీళ్లది. డచ్ కాలం నాటి చట్టం ప్రకారం ప్రతి దీవి చుట్టూ 3 నాటికల్ మైళ్లు, అంటే ఐదున్నర కిలోమీటర్లు మాత్రమే దేశానివి. ఆ అవతల ఎవరి యుద్ధనౌకైనా తిరగొచ్చు. అంటే సొంత ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లే దారి మనది కాదన్నట్టు. 1957 డిసెంబర్ 13న ప్రధాని జువాండా ప్రభుత్వం ఆ నీళ్లన్నీ మావేనని ప్రకటించింది. పెద్ద దేశాలు ఒప్పుకోలేదు. పాతికేళ్లు వాదించాక 1982 ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టంలో 'ద్వీపసమూహ దేశం' అన్న హోదా చేరింది. వాళ్ల భాషలో మాతృభూమిని 'తానా ఆయిర్' అంటారు. నేల, నీరు అని అర్థం.

గల్ఫ్ చమురు చైనా, జపాన్‌లకు వెళ్లే మలక్కా జలసంధి ఈ దేశం అంచునే ఉంది. సుందా, లోంబోక్ జలసంధులైతే దాని లోపలివే. అందుకే అమెరికా, చైనా రెండూ జకార్తాను మంచి చేసుకోవాలని చూస్తాయి. అది మాత్రం ఎవరి జట్టులోనూ పూర్తిగా చేరదు. 1955లో బాండుంగ్‌లో ఆసియా, ఆఫ్రికా దేశాలను కూర్చోబెట్టినప్పటి నుంచీ అదే తీరు. జీ20లో ఉంది, 2025 జనవరిలో బ్రిక్స్‌లోనూ చేరింది.

ప్రపంచం తవ్వే నికెల్‌లో సగానికి పైగా ఇక్కడిదే. స్టీలుకూ, బ్యాటరీలకూ అది కావాలి. 2020లో ముడి ఖనిజం ఎగుమతి ఆపేసి, కావాలంటే ఫ్యాక్టరీ మా దగ్గరే పెట్టండి అన్నారు. యూరప్ కేసు వేసింది, అయినా వెనక్కి తగ్గలేదు. చైనా కంపెనీలు వచ్చి పెట్టాయి. వ్యాపారంగా తెలివైన ఎత్తే, కానీ సులవేసిలో అడవులూ నదులూ దానికి మూల్యం చెల్లిస్తున్నాయి.

అంత పెద్ద దేశానికీ తప్పనిది ఒకటుంది. వెయ్యి మంది ముస్లింలకు ఒకరు అన్న లెక్కన 2025లో ఇండోనేషియాకు 2 లక్షల 21 వేల హజ్ సీట్లు వచ్చాయి. భారత్‌కు 1 లక్షా 75 వేలు. అయినా అక్కడ ఇప్పుడు పేరు రాయించుకునేవాళ్లు ఇరవై ఏళ్లకు పైగా ఆగాల్సిందే.