ఉప్పుగాలిలో ఉక్కుతీగ

శ్రుతి చేసిన అకౌస్టిక్ గిటార్‌ను ఎవరూ వాయించకపోయినా దాని ఆరు ఉక్కుతీగలూ కలిసి రాత్రింబవళ్లు సుమారు 70 కిలోల బలంతో లాగుతూనే ఉంటాయి. ఆ లాగుడులో పెద్ద భాగాన్ని మోసేది మూడు మిల్లీమీటర్ల మందం పైచెక్క, దాని వెనక అతికించిన సన్నని బద్దలు. విశాఖపట్నంలో పాత గిటార్ కొని బాగుచేయించుకోవాలనుకునేవారు ముందు ఈ బలాన్ని గుర్తుంచుకోవాలి. గిటార్‌కు వచ్చే జబ్బుల్లో చాలావాటికి మూలం ఈ లాగుడు, సముద్రపు గాలి.

గిటార్ మొదట ఇంత బలం కోసం పుట్టిన వాద్యం కాదు. 19వ శతాబ్దంలో దానికి జంతువుల పేగుతో చేసిన తీగలు కట్టేవారు. జర్మనీ నుంచి 1833లో న్యూయార్క్ చేరిన సి.ఎఫ్. మార్టిన్ 1840లలో పైచెక్క కింది బద్దలను ఇంటూ గుర్తులా అమర్చారు. తర్వాతి శతాబ్దంలో ఉక్కుతీగలు వచ్చినప్పుడు ఆ అమరికే వాటి బలాన్ని తట్టుకుంది. మెడ వంగిపోకుండా లోపల సర్దుబాటు చేసుకోగల ఉక్కు కడ్డీ పెట్టే పద్ధతికి గిబ్సన్ సంస్థలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ 1920లలో పేటెంటు పొందారు. దాన్నే ట్రస్ రాడ్ అంటారు.

దేశంలో సముద్రతీరాన వెలసిన మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం విశాఖది. ఉక్కుకూ ఉప్పుగాలికీ ఉన్న వైరం ఈ ఊరికి కొత్త కాదు. తీగ మీద పడిన ఉప్పు గాలిలోని తేమను లాక్కుని పలుచని పొరగా నిలుపుకుంటుంది. ఆ ఉప్పునీటిలో విద్యుత్తు తేలిగ్గా ప్రవహించి తుప్పు వేగంగా పడుతుంది. లావు తీగల్లో ఉక్కు మీద కంచు చుట్టి ఉంటుంది కాబట్టి ఆ రెండు లోహాల మధ్య ఉక్కే ముందు తినేయబడుతుంది. తుప్పు పట్టిన తీగ బరువు పొడవునా ఒకేలా ఉండదు. అందుకే దాన్ని ఎంత బిగించినా అన్ని మెట్ల (ఫ్రెట్ల) మీదా శ్రుతి కుదరదు.

చెక్క కథ వేరు. అది తేమను పీల్చి నారకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు మారదు. గిటార్‌కు 45 నుంచి 55 శాతం తేమ మంచిది. విశాఖలో చాలా నెలలు అది 70 శాతం దాటుతుంది. ఉబ్బిన పైచెక్క, తీగల చివరలు బిగించే బ్రిడ్జి వెనక పొట్టలా లేస్తుంది, తీగలు మెట్ల నుంచి దూరమవుతాయి, వేళ్లు నొప్పెడతాయి.

అయితే తీగలు ఎత్తుగా ఉండడానికి ముఖ్యమైన కారణాలు మూడు. తీగను మొదటి మెట్టు మీదా, మెడ శరీరాన్ని కలిసే చోటి మెట్టు మీదా ఒకేసారి నొక్కి చూడండి. మధ్యలో బాగా సందు కనిపిస్తే మెడ వంగింది. ట్రస్ రాడ్‌ను పావు చుట్టు చొప్పున, నెమ్మదిగా బిగించాలి. మెడ నిటారుగానే ఉండి, మెట్ల మీద ఆనించిన స్కేలు బ్రిడ్జి పైభాగానికి కిందగా తగిలితే మెడ కోణం మారింది. అది ఖర్చయ్యే మరమ్మతు. ఈ రెండూ కాకపోతే పొట్టను అనుమానించాలి. చిన్న అద్దం, టార్చిలైటుతో లోపల చూస్తే ఊడిన బద్ద దొరకవచ్చు. జిగురు పెట్టి క్లాంపుతో బిగిస్తే అది మళ్లీ పనిచేస్తుంది. కారణం తెలుసుకోకుండా బ్రిడ్జి మీద తీగలు ఆనే సాడిల్‌ను అరగదీస్తే తీగలు దిగుతాయి గానీ జబ్బు లోపల అలాగే ఉంటుంది.

చెక్క కదులుతుందన్న సంగతిని బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వీణ ముందే ఒప్పుకుంటుంది. పనస చెక్కతో చేసే ఆ వీణకు మెట్లను మైనంలో పొదుగుతారు. శ్రుతి తప్పితే మైనం కరిగించి మెట్టును సరైన చోట నిలపవచ్చు. గిటార్ మెట్లను చెక్క గాడిలో దిగ్గొడతారు. వాటి చోటు మార్చలేం, అరిగితే సమం చేయగలం, లేదా కొత్తవి వేయగలం.

చెక్క ఇలా కదులుతుంది కాబట్టి తీరంలో ఉండేవారు చవకైన ప్లైవుడ్ గిటార్‌ను చిన్నచూపు చూడకూడదు. పొరల నారలు ఒకదానికొకటి అడ్డంగా ఉండడంతో అది తేమకు తక్కువ కదులుతుంది. పొరలు లేని అచ్చమైన చెక్కతో చేసిన పైచెక్క నాదం మరింత నిండుగా ఉంటుంది, నిజమే. కానీ మెడ నిటారుగా ఉండి, బద్దలు గట్టిగా ఉన్న ప్లైవుడ్ గిటార్‌కు కొత్త తీగలు కట్టి, వాయించాక తుడిచి, సిలికా జెల్ ఉన్న పెట్టెలో పెడితే విశాఖలో ఏళ్ల తరబడి పలుకుతుంది. నేర్చుకోవాలని తపించే పిల్లలకు అంతకంటే మంచి మొదటి వాద్యం అక్కర్లేదు.