అవుట్‌లుక్ తెరుచుకోవడం లేదా? ముందు కంట్రోల్ కీ నొక్కి చూడండి

ఫీజు రసీదులు, ప్రోగ్రెస్ రిపోర్టులు, ఆఫీసు పనులు అన్నీ ఈమెయిల్‌లోనే ఉంటున్నాయి. అలాంటప్పుడు ఇంట్లోని కంప్యూటర్‌లో అవుట్‌లుక్ ఐకాన్ నొక్కగానే లోగో కనిపించి, ‘ప్రారంభించలేకపోతున్నాం’ అనే సందేశం వచ్చి ఆగిపోతే కంగారుగానే ఉంటుంది. చాలామంది వెంటనే దాన్ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. అంత అవసరం చాలాసార్లు ఉండదు.

అవుట్‌లుక్ ఒంటరిగా తెరుచుకోదు. యాంటీవైరస్, పీడీఎఫ్, వీడియో మీటింగ్ సాఫ్ట్‌వేర్లలో కొన్ని, మనం గమనించకుండానే దానికి ‘యాడ్-ఇన్’ అనే చిన్న తోడు ప్రోగ్రామును తగిలిస్తాయి. అందులో ఒకటి పాతబడినా, రెండింటికి పొసగకపోయినా అవుట్‌లుక్ మొదట్లోనే ఆగిపోవచ్చు.

కారణం అదో కాదో తేల్చుకోవడం తేలికే. కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని ఐకాన్‌పై క్లిక్ చేయండి. సేఫ్ మోడ్‌లో తెరవాలా అని అడుగుతుంది. ‘యస్’ అనండి. ఇప్పుడు తెరుచుకుంటే సమస్య దాదాపు యాడ్-ఇన్‌దే. ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్‌లోకి వెళ్లి, కింద ‘మేనేజ్’ దగ్గర ‘కామ్ యాడ్-ఇన్స్’ ఎంచుకుని ‘గో’ నొక్కండి. వచ్చిన జాబితాను ఫోన్‌తో ఫొటో తీసుకుని, టిక్కులన్నీ తీసేయండి. అవుట్‌లుక్‌ను మూసి మామూలుగా తెరవండి. తర్వాత ఒక్కో టిక్కు పెడుతూ, ప్రతిసారీ మూసి తెరిచి చూడాలి. విసుగు పుట్టించే పనే, కానీ నాలుగైదు ఒకేసారి పెడితే ఇబ్బంది దేనితోనో తెలియదు. అన్నిటికన్నా ఈమధ్య ఇన్‌స్టాల్ చేసినదాని మీదే ముందు అనుమానపడండి. దొరికాక ఆ సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేయండి, లేదా ఆ టిక్కు తీసే ఉంచండి. అది యాంటీవైరస్‌ది అయితే యాడ్-ఇన్ ఒక్కటే ఆపండి. పిల్లలు కూడా వాడే కంప్యూటర్‌లో యాంటీవైరస్ మొత్తం తీసేయడం మంచిది కాదు.

సేఫ్ మోడ్‌లోనూ తెరుచుకోకపోతే కారణం వేరు. ఆఫీస్‌ను రిపేర్ చేయించాలి, లేదా కొత్త ప్రొఫైల్ పెట్టాలి. ‘పీఎస్‌టీ’ ఫైలును మాత్రం ఎవరు చెప్పినా డిలీట్ చేయకండి. కొన్ని అకౌంట్ల పాత మెయిళ్లు అందులో తప్ప ఇంకెక్కడా ఉండవు.

ఇంటర్నెట్‌లో వెతికితే కనిపించే ‘కస్టమర్ కేర్’ నంబర్లకు ఫోన్ చేసి, మీ కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే అవకాశం ఇవ్వకండి. మైక్రోసాఫ్ట్ తన ఎర్రర్ సందేశాల్లో ఫోన్ నంబర్ ఇవ్వదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇదంతా పాత తరహా అవుట్‌లుక్‌కు. విండోస్‌లోని కొత్త అవుట్‌లుక్‌లో ఈ కామ్ యాడ్-ఇన్‌లు పనిచేయవు. థండర్‌బర్డ్ వాడేవారు కంట్రోల్‌కు బదులు షిఫ్ట్ కీ పట్టుకుని తెరవాలి.