ముక్కు వద్దంటుంది... నాలుక వదలనంటుంది

సింగపూర్‌ మెట్రో రైలు (ఎంఆర్‌టీ) స్టేషన్లలో నిషేధాల బోర్డు ఒకటి కనిపిస్తుంది. సిగరెట్‌ కాలిస్తే వెయ్యి డాలర్లు, రైల్లో ఏమైనా తిన్నా తాగినా ఐదు వందలు, మండే సరుకు తెస్తే ఐదు వేలు జరిమానా. ఆ వరసలోనే ముళ్ల కాయ బొమ్మ, దాని మీద ఎర్రటి అడ్డగీత. దురియన్‌ పండ్లు తేవద్దని అర్థం. దానికి మాత్రం జరిమానా అంకె ఉండదు. చూయింగ్‌గమ్‌ను 1992లో దేశంలోకే రానివ్వని సర్కారు ఈ పండు దగ్గరికి వచ్చేసరికి ఎందుకో మెత్తబడింది. ఊళ్లో జనమైతే 2002లో తెరిచిన ఎస్‌ప్లనేడ్‌ కళామందిరాన్ని దాని పైకప్పు చూసి ‘ది దురియన్‌’ అనే పిలుస్తారు.

ఇంత ముద్దు, ఇంత వెలి ఒకే పండుకి ఎలా దక్కాయి? జవాబు సగం పండులో ఉంది, సగం మన బుర్రలో.

జూన్‌ నుంచి ఆగస్టు దాకా సింగపూర్‌లోని గేలాంగ్‌ వీధుల్లో దురియన్‌ జాతరే. మలేసియాలోని పహాంగ్‌, జొహోర్‌ తోటల కాయలు గుట్టలుగా దిగుతాయి. అమ్మే మనిషి మందపాటి గ్లౌజు తొడుక్కుని కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు, లోపల తొన కదులుతోందా అని. తర్వాత వాసన చూస్తాడు. కత్తి మొనను అడుగున అతుకు దగ్గర దించి మెలితిప్పితే కాయ పెటపెటమని విచ్చుకుంటుంది. లోపల వెన్న ముద్దల్లాంటి పసుపు తొనలు. మనకు వెంటనే పనస గుర్తొస్తుంది గానీ పనసతో దీనికి చుట్టరికం లేదు. దీని అసలు దాయాదులు పత్తి, బెండ, గోంగూర! గోంగూర కోసం ప్రాణం పెట్టే మనం దీన్ని చూసి ముక్కు మూసుకోవడం కాస్త అన్యాయమే.

ఆ వాసన సంగతి జర్మనీలోని మ్యూనిక్‌ శాస్త్రవేత్తలు విడదీసి చూశారు. దురియన్‌ గుజ్జులో వాసనకు కారణమయ్యే పదార్థాలు పదుల్లో ఉన్నాయి. అయితే రెండే రెండు కలిపితే చాలు, ముక్కు అది దురియనే అనుకుంటుందని 2017లో తేల్చారు. ఒకటి పండు వాసన వేసేది, రెండోది వేయించిన ఉల్లిపాయ వాసన వేసేది. ఆ ఏడాదే సింగపూర్‌ నేషనల్‌ క్యాన్సర్‌ సెంటర్‌, డ్యూక్‌-ఎన్‌యూఎస్‌ వైద్య కళాశాల పరిశోధకులు ముసాంగ్‌ కింగ్‌ రకం దురియన్‌ జన్యుపటాన్ని ప్రకటించారు. సుమారు 46 వేల జన్యువులు, అంటే మనిషికున్న వాటికి రెట్టింపు! గంధకపు వాసనలు పుట్టించే జన్యువు ఒకటి ఇందులో అదనపు నకళ్లతో ఉంది. క్యాన్సర్‌ పరిశోధకులకు దురియన్‌తో ఏం పని అనకండి. పేరు చెప్పుకోని దురియన్‌ ప్రియులే దీనికి డబ్బిచ్చారు.

ఈ గంధకపు సరుకులో ఇథేన్‌థయోల్‌ కూడా ఉంటుంది. లీకైతే తెలియాలని వంటగ్యాస్‌లో కలిపేది దాన్నే. గాలిలో వంద కోట్ల పాళ్లలో ఒక పాలు ఉన్నా మన ముక్కు పసిగట్టేస్తుంది. 2018 ఏప్రిల్‌లో మెల్‌బోర్న్‌ ఆర్‌ఎంఐటీ యూనివర్సిటీ లైబ్రరీలో గ్యాస్‌ వాసన వస్తోందని వందల మందిని బయటికి పంపేశారు. అగ్నిమాపక సిబ్బంది వెతికితే అల్మరాలో కుళ్లుతున్న దురియన్‌ దొరికింది. అక్కడ ప్రమాదఘంటిక మోగించిన వాసనే గేలాంగ్‌లో సీజన్‌ వచ్చిందని చాటింపు వేస్తుంది. ముక్కు పంపేది కబురే, దానికి అర్థం చెప్పేది మెదడు.

ఆక్స్‌ఫర్డ్‌ పరిశోధకులు దీన్ని 2005లో నేరుగా పరీక్షించారు. ఒకే వాసన చూపించి ఒకసారి ‘చెడ్డార్‌ చీజ్‌’ అని, మరోసారి ‘ఒంటి కంపు’ అని రాసి పెట్టారు. చీజ్‌ అన్నప్పుడు జనానికి బాగానే ఉంది. మెదడులో ఇష్టాయిష్టాలను తూచే భాగం స్పందన కూడా చీటీని బట్టి మారింది.

ఇంకో కిటుకు అమెరికన్‌ మనస్తత్వవేత్త పాల్‌ రోజిన్‌ 1982లో చెప్పాడు. వాసనకు రెండు దారులు. ఒకటి బయటి నుంచి ముక్కుపుటాల గుండా, రెండోది నమిలేటప్పుడు నోటి వెనక నుంచి ముక్కులోకి. మొదటి దారిన వచ్చినదాన్ని బయటి వస్తువు వాసన అనుకుంటాం. రెండో దారిన వచ్చినదాన్ని రుచి అనుకుంటాం. అందుకే దూరం నుంచి కంపుకొట్టిన పదార్థమే నోట్లో పడగానే కమ్మగా మారిపోవచ్చు.

ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్‌ వాలెస్‌ అనుభవం దీనికి సరిగ్గా అతుకుతుంది. 1854లో సింగపూర్‌లో దిగిన ఆయన మలక్కాలో మొదటిసారి ఇంట్లోకి తెచ్చిన దురియన్‌ వాసన భరించలేకపోయాడు. తర్వాత బోర్నియోలో నేల మీద పడ్డ పండును ఆరుబయటే తిని దానికి దాసుడైపోయాడు. 1869 నాటి తన పుస్తకంలో ఆ సంగతి దాచుకోకుండా రాసుకున్నాడు.

మిగతాది అలవాటు. తల్లి గర్భంలో ఉన్నప్పుడో పాలు తాగేటప్పుడో క్యారెట్‌ రుచి తెలిసిన పిల్లలు తర్వాత ఆ రుచిని సులువుగా ఒప్పుకున్నారని ఫిలడెల్ఫియాలోని మోనెల్‌ సెంటర్‌ 2001లో చూపించింది. 1975 నుంచీ ‘తెలుగు సమాజం’ అనే సంఘం నడుస్తున్న ఊరు సింగపూర్‌. అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు దురియన్‌ ఐస్‌క్రీమ్‌ చప్పరిస్తుంటే కొత్తగా వచ్చిన తాతయ్య అవతలి గదిలోకి వెళ్లిపోతే వింతేముంది? ఆ తాతయ్య ఊరి నుంచి తెచ్చిన ఇంగువ డబ్బా మూత తీస్తే ఎదురింటి చైనీయులూ అంతే ఉలిక్కిపడతారు. ఇంగువ ఘాటులోనూ ఉన్నది గంధకమే మరి.

వచ్చే సీజన్‌లో సింగపూర్‌ వెళ్తే ఓ చిన్న ప్రయోగం చేయండి. ముక్కు గట్టిగా మూసుకుని తొన నోట్లో వేసుకుని నాలుగుసార్లు నమలండి. తీపి, మెత్తదనం తప్ప ఇంకేం తెలియదు. అప్పుడు ముక్కు వదలండి. నచ్చిందో లేదో ఆ క్షణంలో తేలిపోతుంది. మిగిలిన తొనలు మాత్రం కొట్టు దగ్గరే తినేసి కదలండి. వాటితో ట్యాక్సీ ఎక్కనివ్వరు, హోటల్‌ గదిలోకీ రానివ్వరు.